ఏడో గేటు మైకు

విమానాశ్రయంలో అందరూ ఆయన్ని మైకుల బాబాయ్ అంటారు. ప్రయాణికులు కూర్చునే పెద్ద హాలు కప్పులో నలభై ఎనిమిది స్పీకర్లున్నాయి. ఇరవై రెండేళ్ళుగా వాటి ఆలనాపాలనా ఆయనదే. పొద్దున తొలి గుంపు వచ్చి కూర్చున్నాక, చేతులు వెనక్కి కట్టుకుని ఆ చివర నుంచి ఈ చివరకు నడిచేవాడు. ఏ స్పీకరు గరగరలాడుతోందో, ఏది నీరసంగా పలుకుతోందో నడకలోనే పట్టేసేవాడు. శబ్దం కొలవమని ఆఫీసువాళ్ళు ఇచ్చిన మీటరుకు ఏనాడూ బ్యాటరీ వేయలేదు. "నా చెవులుండగా అదెందుకు?" అనేవాడు. ఖాళీ హాల్లో సరిచేసిన శబ్దం మనుషులు నిండాక పనికిరాదని ఆయన లెక్క. పెట్టుకున్న నియమం ఒక్కటే: కుర్చీలో కునుకు తీస్తున్నవాడు ఉలిక్కిపడకూడదు, తన విమానం పిలిస్తే మాత్రం లేవాలి.

ఏడాది కిందట చెవులు మొరాయించాయి. ముందు పట్టుకున్నది భార్య. "టీవీ కాస్త తగ్గించండి. పక్కింటావిడ తన టీవీ కట్టేసి మనదే వింటోంది" అంది. ఆయన నవ్వి ఊరుకున్నాడు. డాక్టరు నవ్వలేదు. రెండు చెవులూ తగ్గాయి, కుడిది మరీ తగ్గింది, పోయింది తిరిగి రాదు అన్నాడు. ఆ కాగితాన్ని బాబాయ్ నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. రిటైర్మెంటుకు ఇంకా పద్నాలుగు నెలలుంది. సంగతి తెలిస్తే హాలు నుంచి తీసి కింద వైర్ల గదిలో కూర్చోబెడతారు. దానికి కిటికీ కూడా లేదు. గది కంటే ఆయన్ని భయపెట్టింది ఆ మాట: మైకుల బాబాయ్‌కి చెవుడట.

ఆఫీసులో తెలిసింది హాలు తుడిచే ఆవిడ ఒక్కదానికే. అదీ ఆయన చెప్పలేదు. ఒకరోజు వెనక నుంచి నాలుగుసార్లు పిలిచి, ఐదోసారి మాపు కర్రతో బూటు మీద తట్టింది. అప్పటి నుంచీ ఇద్దరికీ ఒప్పందం. ప్రకటన వస్తున్నప్పుడు ఆవిడ కుర్చీల వరుసల మధ్య తుడుస్తూ ఉంటుంది. శబ్దం ఎక్కువైతే కర్ర పైకెత్తుతుంది, తక్కువైతే వంచుతుంది, గరగరలాడితే అడ్డంగా పట్టుకుంటుంది. బాబాయ్ గోడకున్న పెట్టె తెరిచి నాబ్ తిప్పుతాడు. ఎనిమిది నెలలు ఎవరికీ అనుమానం రాలేదు.

తర్వాత ఆవిడ కూతురి పురిటికని పది రోజులు సెలవు పెట్టింది. బాబాయ్ ఒక్కడే తిరిగాడు. ఏడో గేటు దగ్గర మైకు మరీ పీలగా ఉందనిపించింది. నాబ్ ఒక గీత పెంచాడు. మర్నాడు ఇంకొకటి. ఆ మర్నాడు ఇంకొకటి.

"అమ్మమ్మవయ్యావు, స్వీట్లేవమ్మా?" అన్నాడు ఆవిడ తిరిగొచ్చిన పొద్దున.

"స్వీట్ల సంగతి తర్వాత, ముందు ఆ ఏడో గేటు నోరు మూయించు బాబాయ్. పది రోజులు లేకపోతే హాలుని సంత చేసి పెట్టావు. మా పసిగుడ్డు నయం."

బాబాయ్ ఏడో గేటు వైపు చూశాడు. ఒక తల్లి, ఒళ్ళో నిద్రపోతున్న పిల్ల. ప్రకటన మొదలవగానే తల్లి రెండు అరచేతులతో పిల్ల చెవులు మూసింది. అయ్యాక తీసింది. మళ్ళీ ప్రకటన, మళ్ళీ మూసింది. ఎంతసేపటి నుంచి చేస్తోందో, ఆమె ముఖంలో విసుగు కూడా అయిపోయింది.

ఆయన పెట్టె దగ్గరికి చేరేసరికి మేనేజరు ఎదురొచ్చాడు. చేతిలో కాగితాలు.

"బాబాయ్ గారూ, వారంలో తొమ్మిది ఫిర్యాదులు, అన్నీ ఏడో గేటే. ఏమైంది దానికి?"

అంతలో మళ్ళీ ప్రకటన మొదలైంది. మేనేజరు భుజం వెనక మాపు కర్ర నిటారుగా లేచింది. బాబాయ్ నాబ్ మూడు గీతలు తగ్గించాడు. కర్ర దిగింది.

"ఆ, ఇప్పుడు బాగుంది" అన్నాడు మేనేజరు. "మరి ఇన్ని రోజులూ మీకు వినపడలేదా?"

స్పీకరు వేడెక్కిందని చెప్పొచ్చు. తీగ వదులైందని చెప్పొచ్చు. ఏది చెప్పినా మేనేజరు నమ్ముతాడు. ఏడో గేటు దగ్గర తల్లి చేతులు ఇంకా గాల్లోనే ఉన్నాయి, తర్వాతి ప్రకటన కోసం సిద్ధంగా.

"వినపడలేదు సార్" అన్నాడు బాబాయ్. జేబులోంచి కాగితం తీసి ఇచ్చాడు.

మేనేజరు రెండుసార్లు చదివాడు. "ఏడాది నుంచా? మరి ఇన్నాళ్ళు ఎలా నెట్టుకొచ్చారు?"

బాబాయ్ గడ్డంతో కర్ర వైపు చూపించాడు.

"నన్నెందుకు లాగుతావు బాబాయ్, నేను తుడుచుకుంటున్నా!" అంది ఆవిడ, ఆరిపోయిన నేలనే మళ్ళీ తుడుస్తూ.

సోమవారం నుంచి బాబాయ్ వైర్ల గదిలో కూర్చున్నాడు. హాలుకి కొత్తాయన వచ్చాడు. మధ్యాహ్నం ఆవిడ రెండు కాగితం కప్పుల్లో టీ పట్టుకుని కిందికి దిగింది. ఎడమ చెవి వైపు స్టూలు వేసుకుంది.

"ఎలా ఉంది ఏడో గేటు?"

"ఆయన మీటరు పట్టుకుని తిరుగుతున్నాడు. అలవాటు కొద్దీ నేను కర్రెత్తితే, జరగమంటున్నాననుకుని దారిచ్చాడు పాపం. ఇక లాభం లేదని నోటితోనే చెప్పా, ఇంకో గీత తగ్గించమని."

"తగ్గించాడా?"

"మొహం మాడ్చుకుని తగ్గించాడు. కాసేపటికి ఒకాయన నోరు తెరుచుకుని నిద్రపోయాడు."

"విమానం పిలిస్తే?"

"లేచాడు. చెప్పు ఒకటి వదిలేసి పరిగెత్తాడు, అది వేరే సంగతి."

బాబాయ్ టీ తాగి కప్పు పక్కన పెట్టాడు. పైకప్పు కేసి ఒకసారి చూశాడు.

"పైన ప్రకటనలు ఇక్కడికి వినిపిస్తాయా?"

ఆవిడ కాస్త ఆగి విన్నది. "వినిపించవులే బాబాయ్" అంది.

ఆయన తల ఊపి వైర్ల చుట్ట ముందుకు లాక్కున్నాడు.