నూలు తెంపినయా?

పొద్దున నేను పాఠాలు చెప్పే బడికి బయల్దేరుతుంటే బాపు ఫోన్ చేశాడు. మామూలుగా ఆయన ఫోన్ చేస్తే ముందు "తిన్నవా బిడ్డా" అని అడుగుతాడు. ఆ రోజు అడగలేదు. "అక్క పోయింది. నిద్రల్నే పోయింది" అన్నాడు. బాపుకు అక్క, నాకు మేనత్త. నల్లగొండ నుంచి రామన్నపేట దగ్గరున్న మా ఊరికి బస్సులో పోతున్నంతసేపూ నాకు ఏడుపు రాలేదు. ఒక్కటే మాట తలలో తిరిగింది. ముందురోజు రాత్రి ఆమె నాతో ఫోన్లో మాట్లాడింది. ఆలేరులో ఒక ఇంటి గోడలోంచి తేనెటీగలను తీసుకొచ్చి మా మిద్దె మీద పెట్టానని చెప్పింది. "పొద్దుగాల్ల లేసి సూడాలె కోడలా" అంది. ఇప్పుడు వాటిని ఎవరు చూస్తారు?

వాకిట్లో అడుగు పెట్టినప్పటి నుంచి వచ్చిన ప్రతి మనిషిదీ ఒకటే ప్రశ్న. "ఈగలు కుట్టినయా?" కాదు, గుండె ఆగిపోయిందని చెప్పాం. "అయినా గన్నేండ్లు గా పని చేసె, కుట్టకుంట ఉంటయా" అని వాళ్ళలో వాళ్ళే తీర్పు చెప్పుకున్నారు. నాకు ఒళ్ళు మండింది. కుట్టలేదని నేననను. చాలాసార్లు కుట్టాయి. ఆమె గోటితో ముల్లు గీకేసి, ఇంత సున్నం రాసుకుని, "వాటి ఇంట్ల చెయ్యి పెట్టింది నేనాయె, అవి ముద్దు పెట్టుకుంటయా" అనేది. ఆమెను చంపింది తేనెటీగలు కావు. ఏది చంపిందో నాకు తెలుసుననుకుంటాను. అది చెప్పడానికే ఇది రాస్తున్నాను.

అత్త చిటికి కట్టే మనిషి. చీర మగ్గం ఎక్కకముందే, రంగు ఎక్కడ పట్టాలో ఎక్కడ పట్టకూడదో చూసుకుని పోగుల మీద సన్నసన్నగా ముడులు కట్టే పని అది. మా ఇళ్ళల్లో పువ్వు ముందు ముడిలో పుడుతుంది, తర్వాతే బట్ట మీద పూస్తుంది. ఆమె వేళ్ళు టీవీ చూస్తున్నా, ఎవరితోనో కొట్లాడుతున్నా ముడి తప్పేవి కావు.

ఆమెకు తేనెటీగల పిచ్చి ఎట్లా పట్టిందో ఊరంతా నవ్వుతూ చెప్పుకునేది. నూలు దాచుకునే కట్టె సందుగలోకి ఎక్కడినుంచో ఒక తేనెటీగల గుంపు దూరి పట్టు పెట్టింది. బాపు పాత గుడ్డ కర్రకు చుట్టి, కిరసనాయిల్లో ముంచి తెచ్చాడు. అత్త పోయి ఆ సందుగ మూత మీద కూర్చుంది. "కాలబెట్టేదుంటే నన్ను గూడ కలిపి పెట్టు తమ్మీ" అంది. కింద ఈగలు జుమ్మంటున్నాయి, పైన ఈమె దిగదు. బాపు ఆ కర్ర అట్లా పట్టుకుని ఎంతసేపు నిలబడ్డాడో అడిగితే ఇప్పటికీ సిగ్గుపడతాడు. చివరికి పక్క మండలంలో తేనెపెట్టెలు పెట్టుకున్న ఒక రైతును పిలిపించారు. ఆయన వాటిని చెక్కపెట్టెలోకి మారుస్తుంటే అత్త పక్కనే నిలబడి చూసింది. ఆ తర్వాత ఆయన అవసరం రాలేదు.

ఆమె పని చేసే తీరు చెబుతాను. పిడక ముక్కతో కొద్దిగా పొగ పెట్టేది, మనిషికి దగ్గు రానంత మాత్రమే. గోడలోంచి పట్టును ఒక్కొక్క పలకగా కోసి, పిల్లలున్న పలకలను పెట్టెలోని కట్టె చట్రాలకు నూలుతో కట్టేది. రాణీగ లోపలికి చేరితే మిగతావి తమంతట తామే వస్తాయి. పొద్దుగూకి అన్నీ సర్దుకున్నాక పెట్టె మూసి తీసుకుపోయేది. నీళ్ళ ట్యాంకులకు, పెద్ద మేడలకు వేలాడే పెద్ద ఈగల జోలికి మాత్రం పోదు. "అవి సుట్టాలు. పూత అయిపోతే మీరు ఉండమన్నా ఉండయి" అని ఇంటివాళ్ళకే బుద్ధి చెప్పి వచ్చేది.

ఒకసారి రామన్నపేటలో కొత్తగా కట్టిన ఇంటికి ఆమెతో నేనూ పోయాను. కరెంటు మీటరు డబ్బాలో పట్టు పెట్టాయి. ఇంటాయన అప్పటికే పెట్రోలు సీసా తెచ్చి గడప మీద పెట్టుకుని ఉన్నాడు. "తొందరగ తియ్యమ్మా, లేకుంటే నేనే పని జేస్త" అన్నాడు. అత్త ఆయన వైపు చూడను కూడా చూడలేదు. ఇల్లాలిని పిలిచింది.

"అక్కా, ఇంట్ల పసుపు ఉన్నదా? గుప్పెడు బియ్యం కలిపి తేరాదు."

"దేనికి?"

"ఆడిబిడ్డ ఇల్లు ఇడిసి పోతాంది. ఉత్త ఒడితోని పంపుతరా?"

ఇల్లాలు ఒక్క క్షణం బిత్తరపోయి, తర్వాత లోపలికి పోయి, అత్తగారింటికి పోయే బిడ్డకు కలిపినట్టే ఒడిబియ్యం కలుపుకొచ్చింది. అత్త కొంగు కాదు, పెట్టె మీద కప్పిన గుడ్డ పట్టింది. ఇల్లాలు అందులో పోసింది. పోస్తూ పోస్తూ ఆమె కళ్ళు తుడుచుకుంది. ఎవరు గుర్తొచ్చారో. ఇంటాయన మెల్లగా ఆ సీసా తీసుకుపోయి ఎక్కడో పెట్టి వచ్చాడు. ఒకసారి ఒడిబియ్యం పోసిన ఇంట్లో మళ్ళీ ఎప్పుడూ ఎవరూ ఈగలను కాల్చలేదని అత్త గొప్పగా చెప్పేది. నిజమో కాదో నాకు తెలియదు.

మొదట్లో ఆమె ఒక తప్పు చేసింది. నేతపని చేసేవాళ్ళు తప్ప ఇంకెవరూ చేయని తప్పు అది. తేనెపట్టు అన్నారు కదా, పేరులోనే పట్టు ఉంది కదా అని, చీరకు మిగిలిన పట్టుపోగులతో ఆ పలకలను కట్టింది. నూలు కట్టడం మర్యాద కాదనుకుంది. తేనెటీగలు కొత్త చట్రానికి తమ మైనంతో తేనెపట్టును అతికించుకున్నాక, కట్టిన దారాన్ని కొరికి, తుంపులు తుంపులుగా బయట పారేస్తాయి. నూలైతే తెగుతుంది. పట్టుపోగు తెగలేదు. వాటి కాళ్ళు చిక్కుకున్నాయి, కొన్ని అక్కడే చచ్చిపోయాయి, మిగిలినవి లేచిపోయాయి. "ఇజ్జత్ ఇచ్చిననుకున్న. ఉరి ఏసిన" అనేది.

అప్పటి నుంచి నూలే. పెట్టె మార్చిన మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే పోయి పెట్టె వాకిట్లో వంగి చూసేది. నూలు తుంపులు రాలి ఉంటే ముఖం వెలిగేది. "తెంపినయి. ఇల్లు ఒప్పుకున్నయి" అనేది. దాచి ఉంచిన ఒడిబియ్యం ఆ రోజే వండుకుని, అందరికీ తలా ఒక ముద్ద పెట్టేది. ఎంత పనున్నా సరే, ఎండైనా వానైనా సరే పోయి చూసేది. ఒకసారి ఎందుకంత తిప్పలు అని అడిగాను.

"పంపుడు పెద్ద పనా కోడలా. పంపినంక పోయి సూసుడు పని" అంది.

ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో మా ఇంట్లో అందరికీ తెలుసు. నేను పుట్టకముందే ఆమెను మక్తల్ దిక్కు ఇచ్చారు. ఒడిబియ్యం పోసి పంపారు. తర్వాత ఇంటి నుంచి ఎవరూ చూడ్డానికి పోలేదు. దూరమని, మగ్గం ఆగుతుందని మా తాత అన్నాడు. అక్కడ ఏం జరిగిందో ఆమె ఎవరికీ చెప్పలేదు. ఒకనాడు ఒక్కతే బస్సు దిగి వచ్చి, మగ్గం గుంటలో కూర్చుని నేయడం మొదలుపెట్టింది. మళ్ళీ పోలేదు. ఎవరూ పొమ్మనలేదు, ఎవరూ ఏమైందని అడగనూ లేదు. ఈ అడగకపోవడమే మా ఇంటి మంచితనమని చాలా ఏళ్ళు అనుకున్నాం.

తీసుకొచ్చిన పెట్టెలన్నీ ఆమె మా ఊరి గుట్ట కింద సీతాఫలం పొదల మధ్య పెట్టేది. అది తెలిసినవాళ్ళ జాగా, బీడు. చుట్టూ తంగేడు, వేప, కానుగ. కొన్ని గుంపులు పెట్టెల్లో ఉండిపోయేవి, కొన్ని రాళ్ళ సందుల్లోకి పోయేవి. పోయినా ఆమెకు బాధ లేదు. "పక్కింటికే పోయినయి గదా" అనేది.

ప్రత్యేక రాష్ట్రం వచ్చింది. భూముల రేట్లు ఎగిశాయి. గుట్ట కింది బీడు వెంచర్ అయింది. యంత్రం వచ్చి పొదలన్నీ ఒక్క పూటలో పీకేసింది. రంగులేసిన హద్దురాళ్ళు పాతారు, ముందర కమాను కట్టి దాని మీద ఏదో వనం అని పేరు రాశారు. అత్త పెట్టెలను పత్తి చేను గట్టు మీదికి మార్చింది. పత్తికి మందు కొట్టిన మర్నాడు పెట్టెల ముందు ఈగలు కుప్పగా పడి ఉన్నాయి. కొన్ని ఇంకా కాళ్ళు కొట్టుకుంటున్నాయి. ఆమె చీపురు పట్టలేదు. చేటలోకి చేతులతో ఎత్తింది. చేను రైతు పక్కన నిలబడి, "కొట్టకుంటే నా పత్తి పోతది గదనే అక్కా" అన్నాడు. "నీ తప్పేమున్నదిరా" అంది. నాకైతే ఎవరినైనా తిట్టాలని ఉండింది. ఎవరిని తిట్టాలో తేలలేదు.

ఇంకో జాగా వెతికింది. అక్కడ గుట్టనే పగలగొడుతున్నారు. ఇంకోచోట బోర్లు ఎండి చెట్లు పోయాయి. ఒక్కొక్క పెట్టే ఖాళీ అయింది. పోయినేడాది నుంచి ఆమె ఫోన్ మోగినా ఎత్తడం మానేసింది. చిటికి కట్టుకుంటూ కూర్చుని, మోగి మోగి ఆగిపోయేదాకా దాని దిక్కు చూసేది. ఎందుకత్తా అని అడిగాను.

"తీసుడు వస్తది నాకు. ఏడ పెట్టాలె? అత్తగారిల్లే లేనప్పుడు అప్పగింతలేందే?"

బళ్ళో పిల్లలకు నేను ఎన్నో ధైర్యాలు చెబుతాను. ఆమెకు చెప్పడానికి నా దగ్గర ఒక్కటీ లేదు, ఇప్పుడూ లేదు. ఆమెను చంపింది ఇదేనని నేననుకుంటాను.

ఆలేరు వాళ్ళు ఫోన్ చేసి ఊరుకోలేదు, మనిషిని పంపారు. పాత ఇల్లు మర్నాడు కూలగొడతారట, గోడ అల్మారాలో పట్టు ఉందట. అత్త లేచింది. తీసింది, కట్టింది, ఒడిబియ్యం అడిగి పోయించుకుంది, ట్రాలీ ఆటోలో పెట్టె ఒళ్ళో పెట్టుకుని వచ్చింది. పెట్టే జాగా లేక మా మిద్దె మీద రేకుల నీడన పెట్టింది. మర్నాడు పొద్దున లేవలేదు.

ఆమెను సాగనంపి వచ్చాక నేను మిద్దె ఎక్కాను. ఈగలు తిరుగుతున్నాయి. పెట్టె వాకిట్లో వంగి చూశాను. నూలు తుంపులు లేవు. చక్కెర నీళ్ళు పెట్టి దిగాను. మెట్ల కింద బాపు నిలబడి ఉన్నాడు.

"నూలు తెంపినయా?"

"లే బాపు."

పెద్దకర్మ దాకా రోజూ ఇదే జరిగింది. ఆయన మోకాళ్ళు మెట్లు ఎక్కనివ్వవు. నేను దిగేదాకా కిందనే నిలబడేవాడు. అక్కను మక్తల్ పంపినప్పుడు ఆయన చిన్నోడు. పోయి చూసి రమ్మని ఆయన్ను ఎవరూ పంపలేదు, అందులో ఆయన తప్పు లేదు. ఆ సంగతి ఆయనకు చెప్పాలనిపించింది. చెప్పినా వినే ముఖం కాదది.

పెద్దకర్మ రోజు వంటల హడావుడిలో అత్త ఫోన్ మోగింది. బాపు ఎత్తాడు. అవతల ఎవరో ఆడమనిషి. "తేనెటీగలు తీసే అమ్మనా? మా బాత్రూమ్ గోడల పట్టు పెట్టినయి, జర వస్తరా?"

"ఆమె లేదమ్మా" అన్నాడు బాపు. "కాలబెట్టకుండ్రి. జర ఆగుండ్రి."

"ఆగుతం. ఇంకెవరన్న ఉన్నరా మరి తీసేటోళ్ళు?"

బాపు నా దిక్కు చూశాడు. నేను తల దించుకున్నాను. నాకు ముడి వెయ్యడం కూడా సరిగా రాదు. వచ్చినా ఏం లాభం, తీసి ఎక్కడ పెడతాను? "లేరమ్మా" అని ఆయన ఫోన్ పెట్టేశాడు.

ఇది చదువుతున్న మీ ఇంటి గోడలోనో, మీటరు డబ్బాలోనో రేపు తేనెటీగలు చేరితే పెట్రోలు సీసా తేకండి. ఆ పని వచ్చినవాళ్ళను వెతకండి. ఈ మాట రాస్తున్నాను కానీ, వాళ్ళు వచ్చి తీసుకుపోయాక ఆ ఈగలు ఎక్కడ ఉంటాయని మీరు అడిగితే నా దగ్గర జవాబు లేదు.

మర్నాడు పొద్దున మిద్దె మీద చప్పుడు లేదు. పెట్టె మూత తీశాను. ఒక్క ఈగ కూడా లేదు. ఆకలికి పోయాయో, నాకు చూసుకోవడం తెలియక పోయాయో, ఎటు పోయాయో. ఒడిబియ్యం మూట పెట్టె పక్కన అట్లాగే ఉంది. చట్రం ఒకటి తీసి కిందికి తెచ్చాను. ఈసారి బాపు అడగలేదు. చట్రం చేతిలోకి తీసుకుని వెలుతురుకు పట్టి చూశాడు. జానెడు పోగు కూడా పారేయని మనిషి ఆయన. అలవాటు కొద్దీ గోరు ముడి దాకా పోయింది. విప్పలేదు. "అక్క ముడి" అన్నాడు.

దాన్ని తీసుకుపోయి ఆమె మగ్గం పక్కన మేకుకు తగిలించాడు. తేనెపట్టు ఎండి అంచులు రాలిపోతున్నాయి. నూలు మాత్రం ఆమె కట్టినట్టే ఉంది, ఎక్కడా తెగలేదు.