సోని వెనక్కి పంపిన మూట

సోనిని మీరు ఒక్కసారైనా కలవాలి, నిజంగా! అనంతగిరి వైపు వెళ్తే, కాఫీ పండ్లు కొనే షెడ్డు ముందు కంగారుగా నిలబడి కనిపిస్తుంది.

మొన్నటి దాకా ఆ షెడ్డు నడిపే కంపెనీలోనే గింజలు ఏరే బల్ల దగ్గర కూర్చునేది. విరిగినవీ నల్లబడినవీ మాటల మధ్యలోనే పక్కకు తోసేసేది. ఈ సీజన్‌లో పండ్లు చూసి తీసుకునే పని ఇచ్చారు. కుదిరితే ఉంచుతారు, లేదంటే మళ్లీ బల్లే. సూపర్‌వైజర్ సాయినాథ్ చెప్పింది ఒక్కటే: "పచ్చివి కలిస్తే మూట వెనక్కి పంపెయ్. నువ్వు కూర్చుని ఏరకు."

మొదటిరోజే మేనత్త రాజులమ్మ వచ్చింది. సోని ఉండేది ఆవిడ ఇంట్లోనే. మూట విప్పితే ఎరుపులో సగం పచ్చ. సంత తొందరలో కొమ్మంతా ఒకేసారి దూసేసింది.

"బేగి తీస్కో గుంటా, సంతకెల్లాల."

వద్దనాలి. చేతులు మాత్రం వాటంతటవే పచ్చికాయలు ఏరడం మొదలుపెట్టాయి! వెనక వరుస పెరిగింది. ఎండెక్కింది. పండ్లు ఆ రోజే తోలు తీసే మిషన్‌కు చేరకపోతే పులిసిపోతాయి. వాటిని తీసుకెళ్లే జీపు డ్రైవర్ ఆపకుండా హారన్ కొడుతున్నాడు.

"ఏటే, మీ అత్తకైతే ఏరతన్నావు, మా మూటలేటి పాపం సేసినాయి?" అన్నాడు వరుసలో ఉన్న మంగ్లు. "నాదీ ఏరీ తల్లీ, ఈలోగా సుట్ట కాల్సుకుంటాను!"

అందరూ నవ్వారు. అందరివీ ఏరితే జీపు పోతుంది, ఉద్యోగమూ పోతుంది. అత్తవి మాత్రమే ఏరితే రేపు ఎవరికి వద్దని చెప్పగలదు?

ఏరిన పచ్చికాయలు దోసిళ్లతో ఎత్తి మళ్లీ అత్త మూటలోనే పోసేసింది. ముడేసింది.

"పచ్చివున్నాయత్తా. ఎర్రవే కోసి తే."

రాజులమ్మ మూట నెత్తికెత్తుకుంది. "కూటికి మా ఇంటికే గదే వత్తావు?"

జీపు వేళకే బయలుదేరింది. "రేపు కూడా నువ్వే ఉండు" అన్నాడు సాయినాథ్. సోని తలూపింది గానీ, షెడ్డు మూశాక ఇంటివైపు అడుగు పడలేదు. అక్కడే రాయి మీద కూర్చుండిపోయింది.

మీరైతే ఆ మూట తీసుకునేవారా?