మనుకావు అఖాతంలో సుడి

2006లో నేను మా నగరం ఉత్తరపు అంచున, యూనివర్సిటీ వారి ఆల్బనీ క్యాంపస్‌లో సంఖ్యాత్మక విశ్లేషణ ప్రొఫెసర్‌ని. కాగితం మీద తెగని సమీకరణాలకు కంప్యూటర్ చేత ఉజ్జాయింపు జవాబులు రాబట్టడం, వాటిని ఎంతవరకు నమ్మవచ్చో తేల్చడం నా పని. ఈ రెండో పని ఎవరికీ గిట్టదు. ఆ ఏడాది ఒక పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథానికి నన్ను అంతర్గత పరీక్షకుడిగా వేశారు.

పరిశోధకుడు ప్రకాశ్‌ది వరంగల్. మా నగరాన్ని ఆనుకున్న మనుకావు అఖాతంలో నేల ముందుకు పొడుచుకొచ్చిన ఒకచోట, ఆటుపోట్ల వేళ పెద్ద సుడి పుడుతుందని, ఒండ్రు అక్కడే పేరుకుంటుందని అతని లెక్క. గ్రంథమంతా ఆ సుడి మీదే నిలబడింది. అతను నాకు తెలిసినవాడేనని ముందే చెప్పాను. బంధుత్వం లేదు కదా, కానివ్వండి అన్నారు.

ఇలాంటి లెక్కలో నీటిని చిన్న చిన్న గళ్లుగా విడగొడతాం. గడి పొడవు సగం చేసి మళ్లీ లెక్కించినా జవాబు నిలవాలి. కాలాన్ని కూడా అంతే సన్నగా కోయాలి కాబట్టి పని ఎనిమిదింతలవుతుంది. అందరూ పంచుకునే యంత్రం మీద అంత వంతు దొరకడం గగనం. గ్రంథంలో ఆ పరీక్ష కనబడలేదు. సెలవుల్లో యంత్రం ఖాళీగా ఉన్నప్పుడు అతని ప్రోగ్రామునే సగం పొడవు గళ్లతో నడిపించాను. సుడి లేదు. ఇంకా సన్నం చేశాను. అప్పుడూ లేదు. పెద్ద గళ్లలో తీరం మెట్లు మెట్లుగా విరిగింది, నీరు ఆ మెట్లకు తగిలి తిరిగింది, అంతే. 

ఆ వారమే హెండర్సన్‌లో డెయిరీకి వెళ్లాను. వీధి చివరి చిన్న కొట్టును ఇక్కడ అలాగే అంటారు. అక్కడ ప్రకాశ్ భార్య మేరీ కనిపించింది. వృద్ధాశ్రమంలో నర్సు. ఇల్లు ఆమె జీతంతోనే గడిచేది.

"అంకుల్, ఈసారన్నా అయిపోతదా? నైట్ షిఫ్టులు ఇంక నాతోని కావట్లే. ఆయనకు జాబ్ వస్తే నేను జర రెస్ట్ తీసుకుంట."

రిపోర్టు ఇచ్చేదాకా పరీక్షకుడు నోరు విప్పకూడదు. "ఆరోగ్యం చూసుకోమ్మా" అన్నాను. అంతకంటే పనికిమాలిన మాట నా నోట ఎన్నడూ రాలేదు.

మౌఖిక పరీక్షలో సన్న గళ్లతో నేను తీసిన, సుడి లేని బొమ్మలు తెర మీద పెట్టాం. ప్రకాశ్ వాదించలేదు. బయటికి వచ్చాక కారిడార్‌లో నన్ను ఆపాడు.

"సార్, రెండేండ్ల కింద నేను గూడ సగం చేసి రన్ పెట్టిన. సుడి పోయింది. కోడ్‌ల బగ్గున్నదనుకున్న. నెలలకొద్ది వెతికిన, దొరకలె. ఆ రన్ తీసి పడేసిన."

పీహెచ్‌డీ ఇవ్వలేమని, దాని బదులు మాస్టర్స్ ఇవ్వవచ్చని పరీక్షకులందరం సంతకాలు చేశాం. నేను రిటైరయ్యేనాటికి కూడా మేరీ నైట్ షిఫ్టులే చేస్తోంది.

ఆ కోడ్‌లో నిజంగానే బగ్ లేదు. నచ్చని జవాబు వస్తే నెలల తరబడి తప్పు వెతుకుతాం, నచ్చిన జవాబును అచ్చుకు పంపుతాం. మా వృత్తిలో ఎన్ని గ్రంథాలు, పరీక్షకుడు మళ్లీ నడిపి చూడనందువల్ల మాత్రమే గట్టెక్కాయో నేను చెప్పలేను.