పెనుమూడి దిబ్బ ఎక్కించిన చౌక సర్వో

పోయిన నెల పెనుమూడి ఇసుకలో పదిమంది ముందు నా పరువు పోయింది. ఈ ప్రయాణం దాన్ని తిరిగి తెచ్చుకోవడానికే. సంగతేంటంటే, నాకు రిమోట్‌తో నడిచే బుల్లి ట్రక్కుల పిచ్చి. పగలు తెనాలిలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను, సాయంత్రం ఇంట్లో స్క్రూడ్రైవర్ పట్టుకుని కూర్చుంటాను. రేపల్లె చుట్టుపక్కల నాలాంటి పిచ్చివాళ్లు ఇంకో పదిమంది ఉన్నారు. నెలకో ఆదివారం పెనుమూడి దగ్గర కృష్ణ ఒడ్డున కలుస్తాం. అక్కడ రెండు నిలువుల ఎత్తు ఇసుక దిబ్బ ఒకటుంది. మాలో దుగ్గిరాల ఆయన తెచ్చే కిలో పసుపు కొమ్ముల సంచిని ట్రక్కు మీద కట్టి, చెయ్యి తగలకుండా దిబ్బ ఎక్కించాలి. ఎక్కించిన ప్రతివాళ్లకీ అలాంటి సంచి ఒకటి ఇస్తాడు. పోయినసారి నా ట్రక్కు సగం దాకా బ్రహ్మాండంగా ఎక్కింది. సరిగ్గా మలుపులో ముందు చక్రాలు ఎడమకి తిరిగి, ఇక కుడికి రామని మొండికేశాయి. చూస్తుండగానే బండి దొర్లుకుంటూ వెళ్లి పసుపు సంచితో సహా నీళ్లలో పడింది.

అందరూ నవ్వారు, అది పర్లేదు. మా బావ నవ్వాడు చూడండి, అది మాత్రం కడుపులో మండింది. ఆయన మా అక్క భర్త, రేపల్లెలో ఎరువుల కొట్టు ఉంది, ఈ ట్రక్కుల గుంపులో నాకంటే సీనియరు. "కృష్ణమ్మకి పసుపు పెట్టొచ్చింది మా మరదలు! ముత్తైదువ కదా, మర్యాద తెలుసు" అన్నాడు. అక్కడితో ఆగితే ఆయన మా బావ ఎందుకవుతాడు? "వచ్చే నెల కూడా ఎక్కకపోతే ఆ బండి నాకిచ్చెయ్ మరదలా, మా షోకేసులో కొండపల్లి బొమ్మల పక్కన పెట్టుకుంటా. ఎక్కిందనుకో, నెత్తిన పెట్టుకుని ఈ కృష్ణ వారధి మీద సగం దాకా నడుస్తా" అన్నాడు. నేను రోషంలో "సరే బావా, తలపాగా సిద్ధం చేసుకోండి" అనేశాను. ఇంటికొచ్చాక గానీ ఏమన్నానో తెలియలేదు. రెండేళ్లు ఒక్కో ముక్కా చేత్తో బిగించుకుని కట్టుకున్న బండి అది. దాన్ని షోకేసులో ఊహించుకుంటేనే నాకు ఏడుపొచ్చింది.

విప్పి చూస్తే తప్పు సర్వోది. తెలియని వాళ్ల కోసం చెబుతున్నాను, సర్వో అంటే అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద డబ్బా. లోపల మోటారు, పళ్ల చక్రాలు ఉంటాయి. బయటికొచ్చిన ఇరుసుకి చిన్న చెయ్యి బిగిస్తాం, అది అటూ ఇటూ తిరిగి ముందు చక్రాలను తిప్పుతుంది. దాని బలాన్ని కేజీల్లో చెబుతారు. ఇరుసు నుంచి సెంటీమీటరు దూరంలో ఎంత బరువు లాగగలదో అదే దాని బలం. పాతది చచ్చింది కాబట్టి పదకొండు వందల యాభై పెట్టి ఆన్‌లైన్లో కొత్తది తెప్పించాను. నల్లటి ఒంటి మీద బంగారు అక్షరాలతో 'ఇరవై ఐదు కేజీలు' అని రాసుంది. అయినా గుండెల్లో గుబులు పోలేదు. పందెం రోజునే పొద్దున బాపట్ల వెళ్లి, డ్రోన్లు బాగుచేసే ప్రసాద్ గారికి ఒకసారి చూపించి, అటునుంచి అటే రేపల్లె వెళ్దామనుకున్నాను.

తెనాలి స్టేషన్లో ఏడున్నర ప్రాంతంలో చెన్నై వైపు వెళ్లే బండి దొరికింది. టికెట్టు ముప్పై రూపాయలు, ముప్పావుగంటలో బాపట్ల. ట్రక్కు ఉన్న సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే ఎదుటి సీటు పెద్దాయన "పిల్లలకా అమ్మా?" అన్నాడు. నాకేనండి అంటే నమ్మలేదు. బాపట్లలో దిగి స్టేషన్ బయట నలభై రూపాయలకి నాలుగిడ్లీ, కారప్పొడి తిని, ఆటోకి ముప్పై ఇచ్చి ప్రసాద్ గారి కొట్టుకి వెళ్లాను. పొలాల్లో మందు కొట్టే డ్రోన్లు ఆయన దగ్గరికే రిపేరుకి వస్తాయి. ఆదివారమైనా ముందే ఫోన్ చేస్తే తొమ్మిదికి షట్టర్ తీస్తారు.

ఆయన నా బంగారు అక్షరాల సర్వోని చేతిలో ఆడించి, "తేలిగ్గా ఉందండి" అన్నారు. తర్వాత బండి విప్పి, "దీనికి కరెంటు ఎక్కడినుంచి ఇస్తున్నారు మేడం?" అని అడిగారు.

"రిసీవర్ నుంచేనండి." రిమోట్ సంకేతాలు అందుకునే ముక్క అది.

"అదండి సంగతి. అన్నం పెట్టకుండా మూట మొయ్యమంటే ఎట్టా మోసుద్ది? దీనికి విడిగా ఆరు వోల్టులు ఇచ్చే ముక్క పెట్టాల" అంటూ నూట యాభై రూపాయల చిన్న సర్క్యూట్ తీసి బిగించారు. దాన్ని బీఈసీ అంటారు. అది పెట్టాక, ఏ పేరూ లేని బూడిద రంగు సర్వో ఒకటి ముందుకు తోశారు. కాగితం చీటీ మీద పెన్నుతో '15' అని రాసుంది. "లోపల అన్నీ ఇనప పళ్లేనండి. నాలుగొందల ఎనభై. ఇది పెట్టుకెళ్లండి."

పదిహేనా? ఇరవై ఐదు చేతిలో పెట్టుకుని పదిహేను పెట్టుకోవడానికి నాకేమన్నా పిచ్చా? పైగా చూడ్డానికి తుక్కులో ఏరినట్టుంది. మొహమాటానికి కొని, విడిగా సంచిలో పడేసి, బంగారుదాన్నే బండికి బిగించుకున్నాను. ప్రసాద్ గారు మీ ఇష్టమండి అని నవ్వి ఊరుకున్నారు.

పదిన్నర దాటాక బస్టాండులో రేపల్లె బస్సు ఎక్కాను. దాదాపు రెండు గంటల ప్రయాణం. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకి పల్లెవెలుగు బస్సులో ఉచితం, మగవాళ్లకి డెబ్బై చిల్లర పడుతుంది. నా పక్కన ఖాళీ గంప కాళ్ల దగ్గర పెట్టుకుని ఒక పెద్దావిడ కూర్చుంది. పేరు నాగరత్నమట, తెల్లారుజామునే బాపట్లలో చేపలు అమ్మేసి ఇంటికి వెళ్తోంది. కర్లపాలెం దాటేసరికి నా సంచిలో ఏముందో, పందెం ఏంటో, బావ ఎవరో అన్నీ లాగేసింది. రెండు సర్వోలూ చూపించి, దీని బలం ఇరవై ఐదు, దానిది పదిహేను అని చెప్పాను.

"ఎవురు తూశారమ్మాయ్?" అంది.

"తూయడమేంటి పిన్నీ, మీదే రాసుందిగా."

ఆవిడ నా వంక జాలిగా చూసింది. "నేనూ గంప మీద ఇరవై ఐదు అని రాయగల్ను. రేవులో పెట్టె కొనేటప్పుడు మేం ఐసంతా దులిపి తూస్తాం. లేకపోతే నీళ్లకి డబ్బులిచ్చినట్టే. ఈ ఇరవై ఐదులో ఐసెంత, చేపెంతో చూసుకోవద్దా?"

పదహారేళ్లుగా పిల్లలకి కొలవకుండా ఏదీ నమ్మొద్దని చెబుతున్న ఫిజిక్స్ మేడంని నేను! బంగారు అక్షరాలు చూసి ఇట్టే బోల్తా పడ్డాను. ఆవిడ గంపలోంచి కొక్కెం కాటా తీసింది. పట్టుకుని వేలాడదీసి తూసేది, అంకెలు కనబడేది. "ఇదిగో, తూసుకో" అంది.

చెరుకుపల్లిలో డ్రైవర్ టీకి దిగాడు. పది నిమిషాలే ఆపుతానన్నాడు. బస్టాండు అరుగు మీద ట్రక్కు పెట్టాం. సర్వో చేతికి, ఇరుసు నుంచి రెండు సెంటీమీటర్ల దూరంలో ఉన్న రంధ్రానికి కాటా కొక్కెం తగిలించాం. కాటా రెండో కొస నాగరత్నం పిన్ని రెండు చేతులా బిగించి పట్టుకుంది. బండి కదలకుండా కండక్టరు బాబాయి మోకాలితో అదిమిపెట్టి, "ఏంటమ్మా ఇది, బాంబు గాదు గదా?" అన్నాడు. నేను రిమోట్ తిప్పాను. బంగారు సర్వో జుయ్యిమని అరిచి, వణికి, ఆగిపోయింది. కాటా మీద నాలుగు కేజీల చిల్లర. రెండు సెంటీమీటర్ల దూరం కాబట్టి రెండింతలు చేస్తే ఎనిమిది చిల్లర. ఇరవై ఐదెక్కడ, ఎనిమిదెక్కడ!

"మిగతాదంతా ఐసే" అంది పిన్ని.

నాలుగు స్క్రూలు విప్పి బూడిద రంగుది బిగించేసరికి డ్రైవర్ గ్లాసు ఖాళీ చేసి హారన్ కొడుతున్నాడు. "ఒక్క నిమిషం ఆగవయ్యా, ఆడపిల్ల పందెం!" అని కండక్టరే అరిచాడు. రిమోట్ తిప్పాను. ఈసారి అరుపు లేదు, వణుకు లేదు. ఐదు దాటింది, ఆరు దాటింది, ఆరున్నర దగ్గర నిలబడింది. అంటే పదమూడు! చీటీ మీద రాసినదానికి రెండే తక్కువ. నేను బస్టాండులో గెంతాను, సిగ్గేం లేదు, నిజంగా గెంతాను. పిన్ని కాటా మడిచి గంపలో పెట్టుకుంటూ, "నిజం చెప్పే మడిసి మెల్లగానే చెబుద్ది" అంది.

రేపల్లెలో పన్నెండున్నరకి దిగాను. అక్క పప్పుచారు, వంకాయ వేపుడు చేసి పెట్టింది. బావ భోజనం మధ్యలో ట్రక్కు తిరగేసి, కొత్త సర్వోని చూసి, "ఏంటిది, పేరు కూడా లేదు? బారసాల చెయ్యలేదా దీనికి?" అన్నాడు. షోకేసులో పైఅరలో కొండపల్లి ఏనుగుని పక్కకి జరిపి చోటు చూపించాడు కూడా. అక్క కోప్పడింది. నేను మాత్రం నోరెత్తకుండా అన్నం తిన్నాను, ఒకసారి నోరు జారిన ఫలితం చాలు నాకు.

పెనుమూడికి షేర్ ఆటోలు రేపల్లెలో దొరుకుతాయి, మనిషికి ఇరవై. నాలుగింటికి అందరం దిబ్బ దగ్గర చేరాం. దుగ్గిరాల ఆయన పసుపు సంచి కట్టాడు. ముందు వెళ్లిన మూడు బళ్లలో ఒకటే ఎక్కింది, అది బావది. తర్వాత నా వంతు. పైట కొంగు దోపుకుని బండిని పోనిచ్చాను. పొడి ఇసుక దాటింది. సగానికి వచ్చింది. అదే మలుపు. చక్రాలు ఎడమకి తిరిగాయి, బండి ఒరిగింది, పసుపు సంచి పక్కకి జారింది. "కృష్ణమ్మా, రెడీగా ఉండు!" అని బావ కేక. నేను రిమోట్ కుడికి తిప్పాను. ఒక్క క్షణం ఏమీ కాలేదు. ఆ క్షణంలో నాకు షోకేసు, ఏనుగు, పక్కన నా బండి, అన్నీ కనిపించాయి. అంతలో చక్రాలు మెల్లగా, ఇసుకని నెట్టుకుంటూ, కుడికి తిరిగాయి. బండి నిటారుగా నిలబడి, ఒక్క ఊపున పైకి ఎక్కి, దిబ్బ నెత్తిన కూర్చుంది.

నేను ఎంత గట్టిగా అరిచానో, వారధి మీద వెళ్తున్న బైకులు ఆగాయి. బావ తువ్వాలు చుట్టి తలపాగా కట్టుకున్నాడు. మాట మీద నిలబడే మనిషే, ఆ మాట ఒప్పుకోవాలి. ఇసుక రాలుతున్న నా ట్రక్కుని నెత్తిన పెట్టుకుని వారధి మీద నడుస్తుంటే వెనక మేం పదిమందిమి ఊరేగింపు. అవతలి ఒడ్డు నుంచి వస్తున్న ట్రాక్టరాయన ఆపి, "ఏంటండి అది?" అని అడిగాడు. బావ ఠీవిగా, "మా మరదలి బండండి. దిబ్బ ఎక్కింది" అన్నాడు. ఆయన గొంతులో గర్వం నాకు వినబడింది. నెల్రోజుల కోపం అక్కడే కరిగిపోయింది.

సాయంత్రం రేపల్లె నుంచి రైల్లో తెనాలి తిరిగొస్తూ ఒళ్లో పసుపు సంచి పెట్టుకుని ఆలోచించాను. ఖరీదు ఎక్కువైతే బలం ఎక్కువనీ, మెరిసేది మోస్తుందనీ నాకు నేనే చెప్పుకున్నాను. ప్రసాద్ గారు చేతిలో ఆడించి చెప్పినా వినలేదు. బతుకంతా బరువులు తూసిన ఆవిడ ఒక్క ప్రశ్న అడిగితే నా చదువు నాకు గుర్తొచ్చింది. ఆ పసుపులో సగం ఆవిడకే. ఇల్లెక్కడో అడగలేదు గానీ, వచ్చే ఆదివారం అదే బస్సు ఎక్కుతాను. ఇక మీరు సర్వో కొనబోతుంటే ఒక్క సలహా. మీ బ్యాటరీతోనే, రెండు వందల రూపాయల కొక్కెం కాటా తగిలించి, మీ చేతులతో లాగి చూసి తీసుకోండి. ఐసు దులిపాకే తూయండి.