గంగాధరప్ప ఇంటి పాస్‌వర్డు

“మొగుని పేరు చెప్పనీకే అంత సిగ్గేమే? ఆయప్ప పోయి రెండు నెల్లాయె. నేను చెప్తా, కొట్టు జయచంద్రా, గంగాధరప్ప!”

“అది కాదంటాండా గదా! నీ తిక్కకు నా కార్డు మూయిస్తావా?”

ధర్మవరం నేత సంఘంలో గుమాస్తా తిమ్మరాజుకూ కదిరమ్మకూ గొడవ. జయచంద్ర ఆ పేరు కొట్టాడు. తప్పంది కంప్యూటరు. అంతకుముందు తిమ్మరాజే ఆమె కూతురి పేరు కొట్టించి ఒక అవకాశం తగలేశాడు. మూడు తప్పులైతే కార్డు మూతపడుతుంది. మిగిలింది ఒక్క అవకాశమే.

పాత డేటాబేసును కొత్తదానికి మార్చడానికి హిందూపురం నుంచి వచ్చాడు జయచంద్ర. కాలేజీ మానేసినా ఈ పని వచ్చు. పాస్‌వర్డులు లోపల ఉన్నవి ఉన్నట్టు ఉండవు, పిండి చేసి ఉంటాయి. పిండిలోంచి రాగులు ఏరలేం. ఆ పాత పిండి కొత్త డేటాబేసుకు పనికిరాదు. అందుకే ప్రతి సభ్యుడూ వచ్చి పాతది ఒక్కసారి చెప్పి, కొత్తది పెట్టుకోవాలి. సాయంత్రం ఐదుకు పాత మిషన్ ఆపేస్తారు.

కదిరమ్మ ముప్పై ఏళ్లు మగ్గం గుంటలో కాళ్లాడించింది. అక్షరం రాదు. సంఘానికొచ్చి పట్టు తీసుకునేది గంగాధరప్పే. పోయేముందు పాస్‌వర్డు ఆమెకొక్కదానికే చెప్పాడు. ఆయన పేరునున్న ఆ పట్టు కార్డు కంప్యూటర్లో తెరుచుకోకపోతే పట్టు లేదు. వారసత్వ పత్రానికి పెనుకొండ ఆఫీసు చుట్టూ తిరగాలి. ఆర్నెల్లు మగ్గం ఖాళీ.

ఆమె వంగి జయచంద్ర చెవిలో ఏదో అంది.

“వినపళ్లేదమ్మా. వెనక ఇన్నూరు మంది ఉండారు. గట్టిగా చెప్పు.”

నిజానికి అతనికి సగం వినపడింది.

“పిచ్చుక,” అంది కదిరమ్మ.

వరుసంతా గొల్లుమంది. గంగాధరప్ప ఆరడుగుల మనిషి, దూలంలాంటివాడు.

“ఆయప్ప పిచ్చుకేందబ్బా! నూకలేస్తాంటివా ఏమ్మే?” అని వెనకనుంచి ఎవరో అరిచారు. తిమ్మరాజు కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాడు. ఇంట్లో మొగుణ్ణి ఆమె పిలిచే పిలుపు, ముప్పై ఏళ్లు గడప దాటనిది. పొద్దుగూకేసరికి వీధివీధికీ తెలుస్తుంది.

కార్డు తెరుచుకుంది. కొత్త పాస్‌వర్డు అడిగింది.

“మళ్లీ అదే కదా, పిచ్చుకమ్మా?” అన్నాడు తిమ్మరాజు.

“పాతది చెల్లదు,” అన్నాడు జయచంద్ర తలెత్తకుండా.

కదిరమ్మ కొంగుతో నోరు తుడుచుకుంది, ఎంగిలేదో అంటినట్టు.

“ఏదో ఒకటి నువ్వే పెట్టప్పా. మా ఇంట్లో మాట మాత్రం వద్దు.”