పడవకు పక్క పైపులు బిగించిన మిస్త్రీ

మిస్త్రీ పోయాడన్న కబురు నాకు చేపల మార్కెట్‌లో తెలిసింది. అప్పుడు తక్కెడలో రెండు కిలోల రవ్వ చేప ఉంది. చేతులు తడిగా ఉన్నాయని, మోగుతున్న ఫోనును పక్కన కూర్చునే అక్కతో చెవి దగ్గర పెట్టించుకున్నాను. అవతల మిస్త్రీ కూతురు. "నాన్న పోయిండక్కా. పొద్దున చాయ్ తాగుకుంట కుర్చీలనే ఒరిగిండు" అంది.

నేను ఏడవలేదు. ఎదురుగా నిలబడి ఉన్న బేరగాడికి చేప పొలుసు తీసి, ముక్కలు కొట్టి ఇచ్చాను. మిగిలిన సరుకు పక్కామెకు అప్పజెప్పి, చేతులు కడుక్కుని బయలుదేరాను. దారిలో కూడా ఏడుపు రాలేదు. డెబ్బై దాటిన మనిషి, మంచాన పడకుండా, చేతిలో చాయ్ గ్లాసుతో వెళ్లిపోయాడు. ఆయన గురించి పేపర్లో ఎవరూ రాయరు. ఇంటర్ దాకా చదివిన దాన్ని, నాకు తెలిసినంత నేనే రాద్దామనుకున్నాను.

బాన్సువాడలో బిచ్కుంద రోడ్డు మీద ఆయన వెల్డింగ్ షాపు. దాని వెనక రెండు గదుల్లో మేము తొమ్మిదేళ్లు కిరాయికి ఉన్నాం. మా ఆయన నిజాంసాగర్ ప్రాజెక్టులో చేపలు పడతాడు, నేను బాన్సువాడలో అమ్ముతాను. మిస్త్రీది కోస్తా. కాలువ నీళ్లు చూసి ఇక్కడికి వచ్చి, వలస రైతుల క్యాంపులో స్థిరపడిన కుటుంబం. చిన్నప్పుడే వచ్చాడు కాబట్టి ఆయన భాష సగం అటుది, సగం ఇటుది. నన్ను "అమ్మాయ్" అని పిలిచేవాడు. నేను "కాకా" అనేదాన్ని.

ఆయనకు ఒక అలవాటుంది. రిపేరుకు ఏది వచ్చినా ముందు అందులో కూర్చునేవాడు. ట్రాక్టరు వస్తే సీటు ఎక్కేవాడు. ట్రాలీ వస్తే అందులోకి ఎక్కి ఒక మూల చతికిలపడేవాడు. ఇనుప మంచం తెస్తే దాని మీద ఓసారి పడుకునేవాడు. "ముందుగాల నన్ను కూసోనియ్" అనేవాడు. తొందరలో ఉన్న రైతులకు అది చిరాకు. పైగా ఆయన "రేపు రా" అన్నాడంటే వారం పట్టేది. కోపం కూడా ఎక్కువే. కొలత తీస్తున్నప్పుడు ఎవరన్నా మాట్లాడితే టేపు విసిరికొట్టేవాడు. ఇవన్నీ ఉన్న మనిషే. పోయాడు కదా అని దాచి రాయను.

మా ఆయనకు ప్రమాదం జరిగింది పిట్లం రోడ్డు మీద. బండి మీద వస్తుంటే లారీ తగిలింది. నిజామాబాద్ దవాఖానలో ఎడమ కాలు మోకాలి కింద తీసేశారు. నాలుగు నెలల తర్వాత పెట్టుడు కాలు వచ్చింది. దానితో గదిలో నడిచేవాడు, వాకిట్లోకి వచ్చేవాడు. పడవలో మాత్రం అది పనికిరాలేదు. తడి అడుగు మీద జారుతుంది. అది తీసేస్తే ఒంటికాలి మీద నిలబడాలి. మాది ఇద్దరు ఎక్కితే నిండిపోయే సన్నటి ఫైబర్ పడవ. వల లాగేటప్పుడు మనిషి ఒక పక్కకు ఒరిగితే పడవ కూడా ఒరుగుతుంది. ఇదివరకు దాన్ని ఆ ఎడమ కాలితోనే సర్దుకునేవాడు.

మిస్త్రీ మా ఆయన స్కూటీకి వెనక రెండు పక్క చక్రాలు బిగించి ఇచ్చాడు. అది ఆయన చాలామందికి చేసిన పనే. ముందు తాను ఎక్కి, ఎడమ కాలు పైకి మడుచుకుని, షాపు ముందు రెండు చుట్లు తిరిగి చూసుకున్నాడు. తర్వాత మా ఆయనకు ఇచ్చాడు. మా ఆయన మార్కెట్ దాకా పోయి వచ్చి, బండి దిగకుండానే అడిగాడు.

"కాకా, బండికి పెట్టినవు గదా. పడవకు పెడ్తవా?"

మిస్త్రీ నవ్వలేదు. "పడవకు చక్రాలేందిరా?" అన్నాడు.

"చక్రాలు గాదే. గసొంటిదే. అటొకటి ఇటొకటి, పడిపోకుండ."

మిస్త్రీ బీడీ వెలిగించుకుని చాలాసేపు స్కూటీ వెనక చక్రాల వైపు చూస్తూ కూర్చున్నాడు.

ఇక్కడ నేను చేసిన పని ఒకటి చెప్పాలి. మర్నాడు మా ఆయన ఇంట్లో లేనప్పుడు షాపుకు వెళ్లాను. "కాకా, నువ్వు చెయ్యకు. కాలు పోయింది, మనిషి మిగిలిండు. మళ్ల నీళ్లల్లకు పంపియ్యకు" అని చెప్పాను. ఆయన మాస్కు పైకెత్తి, "సరే, చెయ్యను. ఆ మాట నువ్వే చెప్పు వాడికి" అన్నాడు.

నేను చెప్పలేకపోయాను. మూడు రోజులు మా ఆయనను చూశాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా గడప మీద కూర్చుని వేరేవాళ్ల వలలు బాగుచేస్తున్నాడు. ముడి వేయడం, తెంపడం, మళ్లీ వేయడం. నేను మార్కెట్‌కు పోయేటప్పుడు ఎట్లా ఉన్నాడో, వచ్చేటప్పటికీ అట్లాగే ఉన్నాడు. నాలుగో రోజు మళ్లీ షాపుకు వెళ్లి, "చెయ్యి కాకా" అన్నాను. బోరుబావుల్లో దించే లావుపాటి ప్లాస్టిక్ పైపులు రెండు అప్పటికే గోడకు ఆనించి ఉన్నాయి.

ఆ పైపులకు రెండు చివరలా మూతలు బిగించి, నీరు చొరకుండా అతికించాడు. పడవకు అడ్డంగా రెండు ఇనుప గొట్టాలు వేసి, వాటి చివర్లకు ఇనుప పట్టీలు వెల్డు చేసి, ఒక్కో పక్కన ఒక్కో పైపును వాటితో పట్టించాడు. కూర్చోడానికి పాత ట్రాక్టరు సీటును పడవ అడుగుకు దగ్గరగా బిగించాడు. పట్టుకోవడానికి పక్కన ఒక రాడ్డు. సముద్రం వైపు మనిషి కదా, పడవల సంగతి తెలిసే ఉంటుందని అందరం అనుకున్నాం. నిజం వేరు. ఆయన పుట్టిన ఊరికి సముద్రం చాలా దూరం. ఈత రాదు. ప్రాజెక్టు గట్టు మీద నిలబడి నీళ్లు చూసినా కళ్లు తిరుగుతాయట. ఆ సంగతి పడవను నీళ్లలో దించిన రోజు దాకా మాకెవరికీ చెప్పలేదు.

చేపల సొసైటీ పెద్దమనిషి ముందే అడ్డు చెప్పాడు. "రేపు నీళ్లల్ల ఏమన్న అయితే మా మీదికొస్తది. ముందుగాల మాకు చూపియ్యండ్రి. మంచిగ నిలబడితెనే పోనిస్తం" అన్నాడు. అందుకని ఒక ఆదివారం పొద్దున పడవను ఆటో ట్రాలీలో మహమ్మద్ నగర్ మీదుగా తీసుకుపోయి, ప్రాజెక్టు ఒడ్డున దించాం. సొసైటీ వాళ్లు పదిమంది దాకా ఉన్నారు. మా ఆయన పెట్టుడు కాలు తీసి నా చేతికిచ్చి పడవ ఎక్కాడు. మిస్త్రీ చెప్పులు విడిచి, పంచె ఎగగట్టుకున్నాడు.

"నువ్వెందుకు కాకా?" అన్నాడు మా ఆయన.

"నన్ను కూసోనియ్" అన్నాడు ఆయన.

మొదట బాగానే పోయింది. ఒడ్డుకు యాభై గజాల దూరంలో మా ఆయన వల లాగుతూ కుడి పక్కకు ఒరిగాడు. పైపు నీళ్లలో మునిగింది. టప్పుమని చప్పుడు. వెల్డింగ్ ఊడింది. పైపు ఒక్కటే దూరంగా తేలుతూ పోయింది. దాని మీద భారం వేసిన పడవ అటే తిరగబడింది. "ఓరి నాయనో!" అన్న మిస్త్రీ కేక వినిపించింది. తర్వాత ఆయన కనిపించలేదు.

నేను పెట్టుడు కాలు చేతిలో పట్టుకుని ఒడ్డున నిలబడ్డాను. సొసైటీ వాళ్లు నీళ్లలోకి ఉరికారు. వాళ్లు సగం దూరం వెళ్లేసరికే మా ఆయన మిస్త్రీని చొక్కా పట్టుకుని పైకి లేపాడు. తల నీళ్ల పైన ఉండేట్టు వెల్లకిలా తిప్పి, తన ఛాతీ మీద ఆనించుకుని, ఒక చేత్తో, ఒంటికాలితో ఈదుకుంటూ ఒడ్డుకు తెచ్చాడు. ఎవరి సాయమూ తీసుకోలేదు. కాలు పోయిన తర్వాత ఆ మనిషిని నేను అంత చురుగ్గా చూడటం అదే.

మిస్త్రీ దగ్గి, కక్కి, కాసేపటికి లేచి కూర్చున్నాడు. మా ఆయన వైపు చూసి ఒక్క మాట అన్నాడు. "నీళ్లల్లో నీకన్నా నేనే కుంటోణ్ణిరా."

సొసైటీ పెద్దమనిషి మాత్రం, "ఇగ చాలు. బంద్ చెయ్యండ్రి" అని వెళ్లిపోయాడు. ఆయన తప్పేమీ లేదు. నేనైనా అదే అనేదాన్ని.

వారం దాకా షాపులో మిషను చప్పుడు లేదు. మిస్త్రీ ఊడిన అతుకును ఒళ్లో పెట్టుకుని చూస్తూ కూర్చునేవాడు. "నా వెల్డింగ్ ఊడదు" అన్నది ఆయన బిచ్కుంద, పిట్లం దాకా చెప్పుకున్న మాట. ఒకరోజు చాయ్ ఇవ్వడానికి వెళ్తే తనే అన్నాడు. "కదలకుండ బిగించినా అమ్మాయ్. ట్రాలీ అనుకున్నా. నీళ్లు కదలకుండ ఉంటయా? తప్పు నాదే."

ఆ తర్వాత ఆయన చేసింది చూసి షాపుకు వచ్చినవాళ్లు నవ్వారు. మిగిలిన అతుకులన్నీ తనే కోసేశాడు. పాత ట్రాక్టరు ట్యూబును పొడుగ్గా బద్దీలుగా కోసి, వాటితో పైపులను గొట్టాలకు చుట్టి కట్టాడు. చేత్తో ఊపితే కాస్త కదలాలి, విడిపోకూడదు. నలభై ఏళ్లు ఇనుమును ఇనుముకు అతికించిన మనిషి రబ్బరుతో ముడులు వేస్తున్నాడు. ఆ ముడులు నేర్పింది మా ఆయన. ఇద్దరూ నేల మీద ఎదురెదురుగా కూర్చుని తిట్టుకుంటూ కట్టారు.

"గట్ల గాదే కాకా, లోపల్నుంచి తియ్యి."

"తీస్తున్నా గదరా! నోరు మూసుకో."

ఇంకో మూడు మార్పులు కూడా చేశాడు. స్కూటీ చక్రం ఎప్పుడూ నేలను తాకాలి. పైపు అట్లా కాదు, పడవ ఒరిగినప్పుడే నీళ్లను తాకాలి, లేకపోతే పడవను లాగి పట్టేస్తుంది. అందుకని రెండు పైపులనూ నీటికి నాలుగు వేళ్ల ఎత్తున పెట్టాడు. వల వాటికి చిక్కుకోకుండా వాటిని వెనక్కి జరిపాడు. పడవ ముందు భాగంలో తిరిగే రోలరు ఒకటి బిగించాడు. ఇక వలను కూర్చునే లాగొచ్చు.

సొసైటీ పెద్దమనిషిని ఒప్పించడానికి మిస్త్రీ స్వయంగా ఆయన ఇంటికి వెళ్లాడు. ఏం మాట్లాడుకున్నారో తెలియదు. రెండోసారి ఒడ్డుకు వెళ్లినప్పుడు మాత్రం నేను మిస్త్రీ చేయి పట్టుకున్నాను. "కాకా, ఈసారి నువ్వు ఎక్కకు. నీకు భయం గదా" అన్నాను.

"నేను కూసోనిదాన్ల ఇంకొకణ్ణి ఎట్లా కూసోబెడ్తా, అమ్మాయ్?" అన్నాడు.

ఎక్కాడు. పడవ మధ్యలో కూర్చుని, రెండు అంచులూ పట్టుకుని, కళ్లు మూసుకున్నాడు. మా ఆయన వల వేసి, లాగి, కావాలనే కుడికి ఒరిగాడు. పైపు నీళ్లను తాకింది, కొంచెం మునిగింది, పడవ అక్కడే ఆగింది. ఎడమకు ఒరిగాడు. ఆగింది. పడవ ఒడ్డు దగ్గరికి వచ్చాక సొసైటీ పెద్దమనిషి నడుము లోతు నీళ్లలోకి దిగి, తన బరువంతా ఒక పైపు మీద వేసి ఊపాడు. ఆయన భారీ మనిషి. పడవ ఊగింది కానీ తిరగబడలేదు.

"సరే. రేపటి నుంచి వల తీస్కొని రా" అన్నాడు.

అప్పుడు మిస్త్రీ కళ్లు తెరిచాడు. "అయిందా?" అని అడిగాడు. పంచె తడిసిపోయింది. అది నీళ్లతోనో, భయంతోనో మేము అడగలేదు.

ఇది జరిగి ఆరేళ్లయింది. మా ఆయన ఇప్పటికీ అదే పడవలో పోతున్నాడు. రబ్బరు బద్దీలు ఏడాదికోసారి మారుస్తాడు. మిస్త్రీ మళ్లీ ఎప్పుడూ ప్రాజెక్టు వైపు రాలేదు. ఎవరన్నా ఆ పడవ గురించి పొగిడితే, "నాకేం తెలుసు, ముడులు వాడివి" అని పనిలో పడిపోయేవాడు. చివరి రెండేళ్లు చూపు తగ్గింది. మిషను పక్కన పెట్టి, షాపు ముందు కుర్చీలో కూర్చుని, వచ్చేపోయే బండ్ల చప్పుడు విని ఏ నట్టు వదులైందో చెప్పేవాడు. సగం సార్లు తప్పే చెప్పేవాడు. అయినా జనం ఆగి వినేవారు.

నేను ఆయనకు ఎప్పుడూ కృతజ్ఞత చెప్పలేదు. చెయ్యొద్దని అడిగింది కూడా నేనే కదా. ఆ మాట ఆయన మా ఆయనతో ఎన్నడూ అనలేదు. ఈ నెల దాకా మా ఆయనకు తెలియదనే అనుకున్నాను. మిస్త్రీ పోయిన రోజు సాయంత్రం నేనే చెప్పాను. "నాకెర్కనే" అన్నాడు. "ఎట్ల ఎర్క?" అంటే చెప్పలేదు.

మూడో రోజు మిస్త్రీ కూతురు అస్థికల కుండ పట్టుకుని మా ఇంటికి వచ్చింది. "బావా, నీ పడవల తీస్కపోతవా?" అని అడిగింది. ముగ్గురం ప్రాజెక్టుకు వెళ్లాం. నేను ఒడ్డున ఆగిపోయాను. ఎండ అప్పుడే పైకి వస్తోంది, గాలి లేదు. మా ఆయన తెడ్డు వేస్తూ ఆమెను లోతు దాకా తీసుకుపోయాడు. ఆమె వంగి కుండను నెమ్మదిగా ఒంపింది. బూడిద నీళ్ల మీద తెల్లగా, వెడల్పుగా పరుచుకుంది. మా ఆయన తెడ్డు పైకెత్తి ఒళ్లో పెట్టుకున్నాడు. కింది నుంచి చిన్న చేపలు ఒక్కొక్కటే పైకి వచ్చి, ఆ తెలుపును మూతితో తాకి, మళ్లీ లోపలికి పోయాయి. అవి తాకిన చోటల్లా ఒక చిన్న గుండ్రటి అల లేచి, వెడల్పయి, పక్కదానిలో కలిసిపోతూ ఉంది.