సూది వెయ్యని ఎలుక

ఆవిణ్ణి పరిశోధనశాలలో అందరూ మిణుగురు మేడం అనేవారు. ముఖం మీద కాదు లెండి, వెనకాల. పన్నెండేళ్లుగా ఆవిడ చేస్తున్న పని ఒక్కటే. ప్లాస్టిక్‌కు వేలు విడిచిన మేనమామ వరసయ్యే పాలిమర్‌తో కంటికి ఆనని నానో కణాలు చేయడం, వాటి కడుపులో మెరిసే రంగు దాచడం, సూదితో ఎలుక ఒంట్లోకి పంపడం. అవి వెళ్లి కేన్సర్ గడ్డను పట్టుకుంటే, ప్రత్యేకమైన కెమెరాలో అక్కడ వెలుగు కనబడాలి. ఆ కణాలేమో ఒట్టి మొండిఘటాలు. గడ్డ దగ్గరికి వెళ్లమంటే కాలేయంలో తిష్ఠ వేసేవి.

"కంటికి కనబడని పనికి జీతం ఎవరిస్తారే?" అని వాళ్లమ్మ ఫోన్ చేసినప్పుడల్లా అడిగేది.

"ఇచ్చినన్నాళ్లు ఇస్తారమ్మా" అనేది ఈవిడ.

ఆ నాళ్లు కాస్తా దగ్గరపడ్డాయి. బయటి నిపుణులు వచ్చి చూస్తారనీ, వాళ్లు పెదవి విరిస్తే గది ఖాళీ చెయ్యాలనీ డైరెక్టర్ చెప్పేశాడు. సరిగ్గా అప్పుడే పదకొండో రకం కణాలు పనిచేశాయి. గడ్డ ఉన్న ఎలుక పొట్టంతా ధగధగా వెలిగింది. మూడు నెలలు మేడం గాల్లో తేలింది.

నిపుణులు రావడానికి పది రోజులుందనగా, ఎలుకల్ని సాకే బాబాయి తల గోక్కుంటూ వచ్చాడు.

"ఏమనుకోనంటే ఒక మాటమ్మా. సూది వెయ్యనిదాన్ని కూడా ఆ పెట్టెలో పెట్టి చూశారా?"

"చూశాం కదా బాబాయ్. అది చీకటిగానే ఉంది."

"అది పక్క షెడ్డుదమ్మా. దానికి తెల్లమేత. మనవాటికి నేను వేసేది ఆకు కలిపిన మేత."

మేడం లేచి షెడ్డుకు పరుగెత్తింది. ఆకుమేత తిన్న ఎలుకనొకదాన్ని, సూది వెయ్యకుండానే, కెమెరా కింద పెట్టింది. ఆ మహాతల్లి పొట్ట కూడా అంతే ధగధగలాడింది. ఇన్నాళ్లూ మెరిసింది కణాలు కాదు, ఆకులోని పచ్చదనం.

ఏడుపొచ్చింది. ఏడ్చింది కూడా. ముఖం కడుక్కొచ్చి, "బాబాయ్, అన్నిటికీ తెల్లమేత పెట్టు. ఒక్కదానికి మాత్రం ఆకు ఆపకు" అంది.

"దానికెందుకమ్మా?"

"దానితో పనుంది."

వారం తర్వాత కెమెరాలో ఏం కనబడిందో ఎవరికీ చెప్పలేదు.

నిపుణులొచ్చారు. మొదటి ఎలుక పొట్ట వెలగగానే, వాళ్లలో పెద్దాయన కళ్లజోడు సవరించుకున్నాడు. "గడ్డను ఎంత చక్కగా పట్టుకున్నాయో చూడండి. నా సర్వీసులో ఇలాంటిది చూళ్లేదు" అన్నాడు. డైరెక్టర్ ఉబ్బితబ్బిబ్బయ్యాడు.

"దానికి గడ్డా లేదు, సూదీ వెయ్యలేదండి" అంది మేడం వినయంగా. "అది పొద్దున తిన్న మేత."

డైరెక్టర్ మొహాన కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు. మేడం తాపీగా రెండోదాన్ని పెట్టింది. తెల్లమేతది, సూది వెయ్యనిది. అంతా చీకటే. మూడోది సూది వేసింది. చీకట్లో, సరిగ్గా గడ్డ ఉన్నచోట, ఒక చుక్క.

"ఇంతేనా?" అన్నాడు పెద్దాయన.

"ఇంతేనండి. మేత వెలుగులో ఇన్నాళ్లూ ఇది కనబడలేదు."

"మరి ఆ మొదటిది నన్ను ఆటపట్టించడానికా?"

"మీరు మూడు నిమిషాలే మోసపోయారు. నేను మూడు నెలలు. ఒక్కదాన్నే అంటే సిగ్గేసిందండి."

పెద్దాయన భుజాలు కదిలేలా నవ్వాడు. గది ఇంకో రెండేళ్లు ఆవిడదేనని రాసి సంతకం పెట్టాడు.

సాయంత్రం ఆవిడే అమ్మకు ఫోన్ చేసింది. "కనబడిందమ్మా."

"ఎంత?"

"ఆవగింజంత."

అవతల అమ్మ, ఎప్పుడూ లేనంత మెల్లగా, "నన్ను కూడా రానిస్తారా, చూడ్డానికి?" అని అడిగింది.